కోళ్ళ పురాణం

రాయపూర్, 3-8-1953
శ్రీమతి తాయారమ్మగారికి నమస్కారాలు.
సిల్తారాలో మన తెలుగు రైల్వే గేంగ్‌మన్ల ఇళ్ళ కోసం గ్రంథాలయ సంఘం మీకు నలభై పుస్తకాల పెట్టె పంపి రెండు నెలలైంది. రిజిస్టరులో ఎక్కింది ఒక్కటే, 'కోళ్ళ పెంపకం'. అదీ మీ పేరనే. చదివేవాళ్ళు లేకపోతే పెట్టెను వేరే ఊరికి మార్చమంటున్నారు అధ్యక్షులు సూర్యారావుగారు.
ఇట్లు, రామమూర్తి, కార్యదర్శి
తా.క. భాగవతం కూడా పెట్టాను. అడుగున ఉంది.

శ్రీరామ
సిల్తారా, 9-8-1953
నాయనా రామమూర్తీ, ఆశీస్సులు.
చదివేది నేనొక్కదాన్నే, వినేది ఇరవై ఆరుగురు. పెట్టె తెరవగానే పైన ఉన్నదాన్ని కళ్ళకద్దుకుని మొదలుపెట్టాం. శనివారానికొక అధ్యాయం, చివర హారతి, అటుకుల ప్రసాదం. నేను గుడ్డు కూడా ముట్టనిదాన్ని. అయినా మొదలుపెట్టిన పురాణం నడుమ ఆపితే దోషం కదా. అది పూర్తయ్యేదాకా రెండోది తియ్యం.
తాయారమ్మ
తా.క. ఎనిమిదో అధ్యాయంలో కోడికి కొక్కెర తెగులు తగిలిందని పైడమ్మ కన్నీళ్ళు పెట్టుకుంది. "ఆ కోడి బతుకుతాదా లేదా, సీదాగా సెప్పండి అమ్మగోరూ" అంటోంది. ముందు పేజీలు తిప్పకూడదని చెప్పాను.

రాయపూర్, 2-9-1953
తాయారమ్మగారికి,
అది పురాణం కాదండీ, హారతి అక్కరలేదు. సంగతి చెబితే సూర్యారావుగారు నవ్వలేదు. "పుస్తకాలు పంపింది పూజకా?" అన్నారు. పద్నాలుగో తేదీ సోమవారం బండిలో పెట్టె తిప్పి పంపమని వారి ఆజ్ఞ. నా మాట సాగలేదు.
రామమూర్తి
తా.క. ఆ కోడి ఉత్త ఉదాహరణ. పైడమ్మకు నచ్చజెప్పండి.

శ్రీరామ
సిల్తారా, 6-9-1953
నాయనా రామమూర్తీ,
పెట్టె సర్ది గడప దగ్గర పెట్టించాను. ముప్పై తొమ్మిది ఉన్నాయి. నలభయ్యోది పంపలేను, ఒక అధ్యాయం మిగిలింది. విన్నవాళ్ళ వేలిముద్రలు ఈ కాగితం వెనక ఉన్నాయి.
ఊళ్ళో నిజంగానే కొక్కెర తెగులు వచ్చింది. మావాళ్ళు తొమ్మిదో అధ్యాయంలో చెప్పినట్టు జబ్బు కోళ్ళను వేరుచేసి, గూళ్ళకు సున్నం కొట్టారు. మావాళ్ళవి రెండే పోయాయి. అది చూసి నిన్న ఛత్తీస్‌గఢీ ఇళ్ళ ఆడవాళ్ళూ వచ్చి కూర్చున్నారు. నేను చదివింది మనవాళ్ళలో దాలమ్మ ఆ ఆడవాళ్ళ భాషలో చెప్పింది. "వచ్చే పురాణం ఏమిటి?" అని అడిగి వెళ్ళారు. పెట్టె పోతోందని చెప్పడానికి నాకు నోరు రాలేదు.
తాయారమ్మ
తా.క. పైడమ్మ వేలిముద్ర వెయ్యనంది. 'పై' వరకు రాసింది. మిగతాది వచ్చే శనివారం.

రాయపూర్, 9-9-1953
అమ్మా తాయారమ్మగారూ,
పెట్టె పంపవద్దు. గడప దగ్గర నుంచి కూడా తీయించండి. మీ ఉత్తరం సూర్యారావుగారికి చదివి వినిపించాను. వేలిముద్రల దాకా పడక కుర్చీలో వాలి విన్నారు, తొమ్మిదో అధ్యాయం దగ్గర లేచి కూర్చున్నారు. వారి పెరట్లో పద్నాలుగు కోళ్ళు, నిన్నటికి ఐదు పోయాయి. ఆ పుస్తకానికి రెండో ప్రతి లేదు. శనివారం వారే మీ దగ్గరకు వస్తున్నారు. ఆ అధ్యాయం మరోసారి చదవాలి. స్నానం చేసి రావాలా అని కనుక్కోమన్నారు.
రామమూర్తి
తా.క. ఇంకొకటి కూడా కనుక్కోమన్నారు. చివరికి ఆ కోడి బతికిందా?