జిమ్మీని చూపించే వంకతో

మోరిస్‌విల్, నార్త్ కరోలినా
ఆదివారం సాయంత్రం

ప్రియమైన అమ్మకు,

ప్రభువు పేరిట నీ చిన్నమ్మాయి వందనాలు. ఇక్కడ మేం ముగ్గురం, కుక్కతో కలిపితే నలుగురం, క్షేమంగానే ఉన్నాం. అక్కడ నువ్వూ నాన్నా, అన్నయ్యా వదినా, పిల్లలూ బాగున్నారని తలుస్తాను. నీ మోకాలు ఎలా ఉంది? నాన్న నిజంగానే ఉప్పు తగ్గించారా, లేక నీ ముందు తగ్గించి నీ వెనకాల ఊరగాయ జాడీ దగ్గర నిలబడుతున్నారా?

ఫోన్ చేస్తే పోయేదానికి ఈ ఉత్తరమేమిటి అనుకుంటావు. ఈ ట్రెయిలర్ మొత్తం కలిపి మన వంటగదీ వసారా అంత ఉంటుందమ్మా. లోపల మాట్లాడితే పెద్దమ్మకి వినపడుతుంది. బయటికెళ్ళి మాట్లాడితే, తనకి వినపడకుండా ఏం చెబుతోందా అని కిటికీలోంచి చూస్తుంది. పోయిన వారమంతా నువ్వు ‘ఏమైందే, ఏమైందే’ అని అడుగుతుంటే నేను ‘ఎండలు బాగా ఉన్నాయమ్మా’ అంటూ వచ్చింది అందుకే. ఇది అన్నయ్యకి పంపుతున్నాను, ప్రింట్ తీసి నీకిస్తాడు. చదవొద్దని చెప్పాను. చదువుతాడు.

ట్రెయిలర్ అంటే లారీ వెనక తగిలించేది కాదు. చక్రాల మీద చిన్న ఇల్లు. మంచాలు, పొయ్యి, పంపు, అన్నీ ఉంటాయి, కారు వెనక కట్టుకుని లాక్కెళ్ళడమే. పెదనాన్న రిటైరయ్యాక సరదాపడి కొన్నారు. సన్నీవేల్ నుంచి ఇక్కడికి, అంటే దేశం ఆ చివర నుంచి ఈ చివరకి, దాంతోనే వచ్చాం. నేను రెండో డ్రైవర్‌ని. ఉద్యోగం ఇంకా రాలేదుగా, ఊరికే కూర్చుంటే నా కాళ్ళు ఊరుకోవని నీకు తెలుసు. ఒక ఇంటర్వ్యూ అరిజోనాలో గ్యాస్ స్టేషన్ పక్కన కార్‌లో కూర్చునే ఇచ్చాను. మధ్యలో జిమ్మీ మొరిగాడు. వాళ్ళ దగ్గర్నుంచి ఇంతవరకూ కబురు లేదు. దాని గురించి కంగారు పడకు, కంగారు పడాల్సింది వేరే ఉంది.

సునందక్క పెద్దమ్మా పెదనాన్నలతో మాట్లాడటం మానేసిందని నీకు తెలుసు. ఎందుకో పెద్దమ్మ నీక్కూడా చెప్పలేదు. నాకు ఓక్లహామాలో చెప్పింది. అక్కడికి వస్తాను.

అసలు ఈ ప్రయాణానికి వంక జిమ్మీ. వాడు అక్క పెంచిన కుక్క. పెళ్ళయి ఇటు మోరిస్‌విల్ వచ్చేటప్పుడు బావగారికి కుక్క వెంట్రుకలు పడవని వాళ్ళమ్మ దగ్గర వదిలేసింది. ఇప్పుడు వాడు ముసలివాడైపోయాడు, వినపడదు, వెనక కాళ్ళు ఈడుస్తాడు. విమానంలో సామాన్ల మధ్య పడేస్తే తట్టుకోలేడని డాక్టర్ చెప్పాడు. అందుకని పెదనాన్న అక్కకి మెసేజ్ పెట్టారు: ‘జిమ్మీని పిల్లలకి ఒకసారి చూపిద్దామనుకుంటున్నాం. ట్రెయిలర్‌లో తీసుకొస్తాం.’ అక్క జవాబు ఒక్కటే ముక్క. ‘మీ ఇష్టం.’

అమ్మా, ఆ ముక్క పట్టుకుని ఆరు రాష్ట్రాలు దాటాం.

నేను డ్రైవ్ చేస్తుంటే పెదనాన్న పక్కన కూర్చుని లేని బ్రేక్ తొక్కుతూ ఉంటారు. పెద్దమ్మ వెనక సీట్లో, జిమ్మీ తల ఒళ్ళో పెట్టుకుని, ఫోన్ తెరిచి ఆ మెసేజ్ చూస్తుంది. మూసేస్తుంది. మళ్ళీ చూస్తుంది.

“ఏమే, నువ్వు చదువుకున్నదానివి కదా. ఇది కోపంగా అన్నదా, మామూలుగా అన్నదా?”

“గొంతు వినపడకపోతే ఎలా తెలుస్తుంది పెద్దమ్మా?”

“నువ్వు చదువు, నేను వింటా.”

నేను రకరకాలుగా చదివి వినిపించాను. ఒకసారి నవ్వుతూ, ఒకసారి విసురుగా, ఒకసారి నీలాగా, అదే, నాన్న నిన్నడక్కుండా ఏదైనా కొనుక్కొచ్చినప్పుడు నువ్వనే పద్ధతిలో. మూడోది విని పెద్దమ్మ, “ఆ, ఇదే, ఇలాగే అనుంటుంది,” అని కిటికీవైపు తిరిగింది.

“ఎందుకే అంత ఇదవుతావు? ఇష్టం అన్న మాట ఉందిగా అందులో,” అన్నారు పెదనాన్న.

“మన పెళ్ళిచూపులప్పుడు మా నాన్న అడిగితే నేనూ ‘మీ ఇష్టం’ అనే అన్నాను. దానర్థం ఏంటో మీకింకా తెలీలేదు.”

పెదనాన్న మళ్ళీ లేని బ్రేక్ తొక్కారు. నాకు నవ్వొచ్చింది, కానీ పక్కనుంచి పెద్ద లారీ దూసుకుపోయి ట్రెయిలర్ అటూ ఇటూ ఊగేసరికి నవ్వడం మానేశాను. టెక్సాస్‌లో గాలి అలాంటిది. స్టీరింగ్ పట్టుకుని పట్టుకుని నా చేతులు రాత్రి నిద్రలో కూడా పిడికిళ్ళే. నువ్వు భయపడకు, ఇప్పుడు బాగానే ఉన్నాయి.

తిండికి లోటు లేదు. ఎక్కడ ఆగితే అక్కడ అన్నం, కందిపొడి, నెయ్యి. అక్కకి ఇష్టమని పెద్దమ్మ ఎండు నెత్తళ్ళు తెచ్చింది. కవర్ మీద కవర్ చుట్టినా ఇల్లంతా అదే వాసన. ట్రెయిలర్ ఆపగానే జిమ్మీ వెళ్ళి ఆ అలమర కింద కూర్చునేవాడు. రోజూ సాయంత్రం పెదనాన్న వాడి ఫోటో తీసి అక్కకి పంపేవారు. చూసినట్టు నీలం గీతలు పడేవి. జవాబు రాదు. పడుకునేదాకా ఇద్దరూ వంతులేసుకుని ఫోన్ చూసేవారు. ట్రెయిలర్ ఎందుకు తెచ్చారో అప్పుడర్థమైంది నాకు. కుక్క కోసం అంటారు కానీ, పెద్దమ్మ ఒకసారి గిన్నెలు కడుగుతూ అనేసింది: “మనకంటూ ఒక మంచం ఉంటే, లోపలికి రమ్మనకపోయినా పరువు నిలుస్తుంది.”

ఓక్లహామా చేరేసరికి జిమ్మీ తిండి మానేశాడు. నీళ్ళు కూడా ముట్టలేదు. పెద్దమ్మ మొహం చూడలేకపోయాను. “వాడు దారిలో పోతే ఇంక ఏం చెప్పి వెళ్తాం? వెనక్కి తిరిగిపోదాం,” అంది. పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఆవిడ పరీక్ష చేస్తుంటే పెద్దమ్మ అడిగింది ఒకటే: “నార్త్ కరోలినా దాకా ఉంటాడా?” ఆవిడ పెద్దమ్మని వింతగా చూసింది. కారు టైర్ల గురించి అడుగుతున్నట్టు అడుగుతోంది ఈవిడేంటి అనుకున్నట్టుంది. వయసు, ఎండ, ప్రయాణం, అంతే అని చెప్పి, పొద్దునా సాయంత్రం వేయమని మందులిచ్చింది. పెరుగన్నంలో కలిపి పెడితే తిన్నాడు. పెద్దమ్మ వాడు తింటున్నంతసేపూ వాడి ముందు కింద కూర్చుంది.

ఆ మధ్యాహ్నమే, ట్రెయిలర్లు ఆపుకునే క్యాంప్‌గ్రౌండ్‌లో బట్టలుతికే మెషీన్ల దగ్గర, నేను అడక్కుండానే చెప్పింది.

బావగారు ఇల్లు వదిలి వెళ్ళిపోయినప్పుడు అక్క వాళ్ళమ్మ ఒక్కదానికే చెప్పిందట. పిల్లలకింకా చెప్పలేదు, ఎవరికీ చెప్పొద్దంది. పెద్దమ్మ తట్టుకోలేక చర్చి గ్రూప్‌లో ప్రార్థన అంశం పెట్టింది. ‘మా కుమార్తె సునంద కాపురం నిలబడాలని ప్రార్థించండి.’ ఇక చూసుకో. అది ఏ గ్రూప్ నుంచి ఏ గ్రూప్‌కి పోయిందో, డల్లాస్ నుంచి ఎవరో పాస్టరమ్మ, న్యూజెర్సీ నుంచి ఎవరో ఆంటీ, అందరూ అక్కకి ఫోన్లు. సర్దుకుపొమ్మని ఒకరు, మోకాళ్ళూనమని ఒకరు. చివరికి మోరిస్‌విల్ తెలుగు చర్చిలో సండే స్కూల్లో ఎవరి పిల్లో హన్నాతో అనేసింది. హన్నా అక్క పెద్ద కూతురు, ఎనిమిదేళ్ళది. ఇంటికొచ్చి, “డాడీ ఇంక రాడంట కదా?” అని అడిగిందట.

“నేను ప్రార్థన చేయమన్నాను గానీ ఫోన్లు చేయమన్నానా?” అంది పెద్దమ్మ మొదట. మెషీన్ తిరుగుతోంది. కాసేపయ్యాక, “దేవుడికి చెప్పుకుని ఊరుకోవాల్సింది,” అంది.

నేను తడి బట్టలు తీసి బుట్టలో వేశాను. అమ్మా, అదే గ్రూప్‌లో ఆమేన్ పెట్టినవాళ్ళలో నువ్వూ ఉన్నావట. నేను నిన్నేమీ అనడం లేదు.

అక్కడి నుంచి వానలో అర్కన్సా, టెనెసీ దాటి, నిన్న మధ్యాహ్నం అక్క ఇంటి ముందు ఆగాం. ఒకేలాంటి ఇళ్ళ వరస. నేను అక్కడికి వచ్చింది చుట్టంగానో సాక్షిగానో నాకే తెలీలేదు. అక్క తలుపు తీసి గుమ్మంలో నిలబడింది. చేతులు కట్టుకునే ఉంది. చిక్కిపోయింది. పిల్లలు మటుకు మెట్లు దూకేసి వచ్చారు. “కుక్క చాలా ఓల్డ్ ఉంది!” అన్నాడు నోవా, వాడికి ఐదేళ్ళు. హన్నా ట్రెయిలర్‌లోకి తొంగి చూసి, “అమ్మమ్మా, నువ్వు ఈ హౌస్‌లో పడుకుంటదా?” అంది.

“జిమ్మీ,” అని పిలిచింది అక్క గుమ్మంలోంచి. వాడికి వినపడలేదు. గట్టిగా పిలిచింది. వాడు గడ్డి వాసన చూస్తున్నాడు. అప్పుడు మెట్లు దిగి వచ్చి వాడి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. వాడు కాసేపు వాసన చూసి, మెల్లిగా తల తీసుకెళ్ళి అక్క చంకలో పెట్టేశాడు. అక్క చాలాసేపు లేవలేదు.

లేచి వాళ్ళమ్మతో అంది, “ఎండలో నిలబడ్డారేం?”

“ఏం లేదులే, కూర్చుని కూర్చుని వచ్చాం కదా.”

అక్క లోపలికెళ్ళి మంచినీళ్ళు తెచ్చింది. బయటికి తెచ్చింది, అమ్మా. లోపలికి రండి అన్న మాట కోసం పెద్దమ్మ చూస్తోందని నాకు తెలుస్తోంది. ఈలోగా పక్కింటి తెలుగాయన కుక్కని తిప్పుకుంటూ వచ్చి, “అంకుల్, ఇక్కడ ట్రెయిలర్ పెట్టనివ్వరండీ. కాలనీ అసోసియేషన్ వాళ్ళు ఊరుకోరు,” అన్నాడు. పెద్దమ్మ వెంటనే, “మేం ట్రెయిలర్ పార్క్‌లో చోటు బుక్ చేసుకున్నాంలే,” అంది. అక్క వాళ్ళమ్మ మొహంలోకి చూసి, “సరే,” అంది. అంతే. వచ్చేశాం. ఊరి బయట సరస్సు పక్కన పైన్ చెట్ల మధ్య ఉన్నాం.

ఈరోజు పొద్దున పెద్దమ్మ చర్చికి వెళ్ళనంది. పెదనాన్న కళ్ళజోడు తీసి చూశారు. ఆదివారం చర్చి మానడం ఆవిడ జీవితంలో ఇదే మొదటిసారేమో. “అక్కడికెళ్తే అడుగుతారు. అడిగితే నేను చెప్పేస్తాను. నా నోరు నాకు తెలుసు,” అంది. ట్రెయిలర్‌లోనే పాట పాడుకుని, వాక్యం చదువుకుని, పెదనాన్న ప్రార్థన మొదలుపెట్టారు. ఆయన ప్రార్థన నీకు తెలుసుగా, చుట్టాలందరి పేర్లూ వరసగా వస్తాయి. నేను కళ్ళు మూసుకోలేదు, తిట్టకు. జాలీ తలుపు బయట మెట్టు మీద చెప్పులు కనిపించాయి. అక్క. వెనకాల పిల్లల్ని చెయ్యెత్తి ఆపుతోంది. పెద్దమ్మ వీపు అటువైపుంది, తనకి తెలీదు.

“మా కుమార్తె సునందను...” అన్నారు పెదనాన్న.

“పేర్లు వద్దండీ,” అంది పెద్దమ్మ, కళ్ళు మూసుకునే. “ఆయనకి తెలుసు.”

పేర్లు లేకుండా ప్రార్థన ఎలా చేయాలో పాపం పెదనాన్నకి తెలీదు. “ప్రభువా... వాళ్ళని... వీళ్ళని...” అని తడబడుతున్నారు. అప్పుడు తలుపు మీద చిన్న చప్పుడు.

“లోపలికి రావచ్చా?”

పెద్దమ్మ తిరిగి చూసి లేవబోయి మోకాలు బల్లకి కొట్టుకుంది. అక్కే అంది, “ఎవరి కోసం ప్రార్థన?”

“కుక్క కోసం,” అంది పెద్దమ్మ.

అక్క నవ్వింది. ఎన్నాళ్ళ తర్వాత విన్నానో ఆ నవ్వు! “కుక్క కోసమైతే నేనూ కూర్చుంటా,” అని లోపలికొచ్చింది. కూర్చోడానికి ఇంక వాళ్ళమ్మ పక్కన తప్ప చోటు లేదు. అక్కడే కూర్చుంది. పిల్లలు మంచమెక్కేశారు. పెదనాన్న ఎక్కడ ఆపారో మర్చిపోయి మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టారు.

అన్నీ సర్దుకున్నాయని చెప్పలేను. ఆ ఫోన్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. భోజనాలయ్యాక అక్క జిమ్మీని ఈ రాత్రికి తీసుకెళ్తానంది. “మరి పొద్దున్నే మందేయాలే వాడికి,” అంది పెద్దమ్మ. “నాకు పొద్దున మీటింగ్‌లుంటాయి, తలుపు తీయడానికి కుదరదు,” అంది అక్క కార్ ఎక్కుతూ. “తాళం చెవి పూలకుండీ కింద ఉంటుంది.”

నేనిది రాస్తుంటే బయట పెద్దమ్మ గొంతు వినిపిస్తోంది: “గుమ్మం దగ్గర కుండీలు రెండున్నాయండీ. ఏ కుండీ కిందో అడగలేదు నేను.” రెండూ ఎత్తి చూస్తే పోలా అంటున్నారు పెదనాన్న. ఆవిడ ఊరుకోవడం లేదు.

ఎవరైనా అడిగితే రోడ్లు బాగున్నాయని చెప్పు. కందిపొడి అయిపోవచ్చింది, ఎవరైనా వస్తుంటే పంపు. నాన్నకి, అన్నయ్యకి, వదినకి, పాస్టర్ గారికి, వీధిలో పెద్దలందరికీ నా వందనాలు. పిల్లలకు ముద్దులు. నా గురించి దిగులు పెట్టుకోకు, నీ దీవెన ఉంటే ఉద్యోగమూ వస్తుంది.

నీ దీవెనలు కోరే
చిన్నమ్మాయి
ప్రశాంతి