సుంగుడి తాడు

సింగానల్లూరు,
14 సెప్టెంబరు 2025

చిరంజీవి శబరికి అత్త పొన్నమ్మాళ్ దీవెనలు. ఇక్కడ నేను, మీ బావ జీవ, మన పాత మొపెడ్ ముగ్గురమూ బాగున్నాం. మొపెడ్‌కి మాత్రం కొంచెం దగ్గు. మదురైలో నువ్వూ నీ కొత్త ఉద్యోగమూ ఎలా ఉన్నారో తెలియజెయ్యి.

ఫోను చేస్తే ఎత్తవు. అందుకే కాగితం పట్టుకున్నాను. అరవంలో రాస్తే పైపైన చూసి మడిచి పెడతావు. సెలవుల్లో పక్కన కూర్చోబెట్టుకుని నేను నేర్పిన తెలుగక్షరాలైతే కూడబలుక్కుని చదవాలి కాబట్టి ఒక్క మాటా వదలవు. మీ అత్త తెలివి నీకు తెలియంది కాదు.

మీ బావ మారథాన్ మానలేదు. చూపు పోయినప్పుడు కూడా వాడిలో ఇంత మొండితనం చూడలేదు నేను. వచ్చే నెల చివరి ఆదివారం పరుగు. ఈసారి చదునైన దారి కాదట. ఊళ్ళో ఉన్న మేంబాలాలు, అదే ఆ కార్లు పోయే పెద్ద వంతెనలు, ఒకదాని తర్వాత ఒకటి ఎక్కాలి, దిగాలి, మళ్ళీ అదే దారిన వెనక్కి రావాలి. చూపులేనివాళ్ళు పక్కన తోడు లేకుండా పరిగెత్తడానికి లేదని గట్టిగా చెప్పేశారు. ఆ తోడు మనిషి పేరు ఈ నెలాఖరులోగా ఇవ్వాలి. లేకపోతే ఇన్నాళ్ళ వాడి కష్టం బూడిదలో పోసినట్టే. ఆ పేరు కోసమే ఈ జాబు.

నువ్వు వెళ్ళిపోయాక మేమేమీ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. రన్నింగ్ క్లబ్బు నుంచి కదిరవన్ అని ఒక ఇంజనీరు వచ్చాడు. బంగారంలాంటి మనిషి. మిట్ట వస్తే మేడు అంటాడు, దిగుడు వస్తే ఇరక్కం అంటాడు, అంతా అరవంలోనే. ఖాళీ రోడ్డులో బాగానే సాగింది. ఆదివారం రేస్‌కోర్సు దగ్గర గుంపులో పడ్డాక చుట్టూ అందరిదీ అరవమే కదా, ఎవరి కేక తనదో మీ బావకు తెలియలేదు. ఎవరో తన పెండ్లాన్ని ఇటు రమ్మంటే ఇతగాడు తిరిగి ఆయన దగ్గరికి పోయాడు. ఇంటికొచ్చి, అమ్మా, మన మాటలో మిట్ట అంటే ఆ జనంలో అది నాకొక్కడికే గదా, శబరి గొంతయితే నా కాలికే తెలిసిపోతాది అన్నాడు. ఆ మాట అన్నాక అన్నం సరిగా తినలేదు.

సరే, నేనే దిగాను. మొపెడ్ మీద పక్కనే పోతూ మిట్ట, దిగుడు, గుంత అని చెబుతాను. నోరు ఊరుకోదు కదా, ఆరోగ్యమేరి ఇడ్లీ అంగడి తెరిచిందనీ, అంతోని వర్క్‌షాపుకి కొత్త రంగు వేశాడనీ కూడా చెబుతాను. మీ బావ ఆగిపోయి, అమ్మా, నువ్వు రోడ్డు చెప్తా ఉండావా, ఊరు చెప్తా ఉండావా అంటాడు. పైగా పరుగు రోజు మొపెడ్‌ని రానివ్వరట.

కాబట్టి నువ్వు రావాలి. ఆడి నెలలో, అదే మన ఆషాఢంలో, జరిగింది నేను మనసులో పెట్టుకోలేదు. పరుగులో మీరిద్దరూ పట్టుకునే ఆ తాడుకి ఒక కొస నీ చేతికి, ఒక కొస వాడి చేతికి అని నా సుంగుడి చీర చించి నేనే కుట్టిచ్చాను. మేంబాలం దిగేచోట నువ్వు వదిలేశావు, వాడు గోడకు కొట్టుకుని పడ్డాడు, చెంపకు కుట్లు పడ్డాయి. ఆసుపత్రిలో అందరి ముందూ, పట్టుకున్న మనిషిని వదిలేసేవాడివి ఇంక మా గడప తొక్కవద్దు అన్నాను. ఆ తాడునే గుప్పెట్లో నలుపుకుంటూ తల వంచుకుని నిలబడ్డావు. అది నా కళ్ళలోంచి పోలేదురా. తడబాటు ఎవరికైనా వస్తుంది. కన్నతల్లి కడుపు మండి ఏదో అంటుంది. నీ తప్పు నేను మన్నించేశాను, ఇక దాని ఊసెత్తను. వచ్చి మీ బావ పక్కన నిలబడు. నువ్వు లేక ఈ ఇంట్లో పొద్దున కాచిన కంబు గంజి, అదే సజ్జ గంజి, సాయంత్రానికీ మిగిలే ఉంటోంది.

నీ మీద కోపం కంటే ప్రేమే ఎక్కువున్న
మీ అత్త,
పొన్నమ్మాళ్

తా.క.: జాబు మడిచే ముందు మీ బావకు చదివి వినిపించాను. మన్నించేశాను అన్న చోటికి రాగానే చేతిలో ఉన్న గంజి గిన్నె కింద పెట్టేశాడు. తర్వాత చెప్పాడు. అమ్మా, వదిలింది వాడు కాదు, నేను. దిగుడులో గాలి మొగానికి కొడతా ఉంటే, చూపుండే కాలంలో మాదిరి ఒక్క తూరి ఒంటిగా పరిగెత్తల్లనిపించింది, తాడులోనించి చెయ్యి తీసేస్తిని, వాడు వద్దు బావా, వద్దు బావా అని అరుస్తానే వెనకాల వచ్చినాడు అన్నాడు. తెలిస్తే నేనెక్కడ పరుగు మానిపిస్తానో అని ఇన్నాళ్ళూ మింగలేక కక్కలేక ఉన్నాడట. ఆసుపత్రిలో చెప్పబోతే నువ్వే వాడి చెయ్యి నొక్కి ఆపేశావట.

తాడు వదిలినవాడి గుప్పెట్లో తాడు ఎలా ఉంటుందిరా శబరీ. మా ఇంట్లో కళ్ళున్నదాన్ని నేనొక్కదాన్నే, నాకే కనబడలేదు.

పైన రాసింది కొట్టెయ్యను. చెయ్యని తప్పుకి మీ అత్త ఎంత దర్జాగా మన్నించిందో చదువుకుని నవ్వుకో. నిన్ను రమ్మనడానికి నాకిప్పుడు మొహం లేదు. శనివారం పొద్దున్నే నేనూ మీ బావా మదురై బస్సెక్కుతున్నాం. నువ్వు మా గడప తొక్కనక్కరలేదు, మేమే వచ్చి నీ గడప తొక్కుతాం. తాడు ఉతికి ఆరేసి పెట్టు.