చిలకమ్మ ఇంటి చుక్క

ప్రియమైన సోనికి,

తిన్నావా? పాడేరులో చలి ఎక్కువట, చెవులకు గుడ్డ కట్టుకో. మన కొండ మీద సిగ్నల్ లేదు కనుక ఈ ఉత్తరం జీపు డ్రైవరు ధర్మ చేతికిస్తున్నాను. దారిలో పారేస్తాడేమోనని బెంగ. మీ చెల్లి రమణికి మళ్లీ మోకాళ్ల నొప్పులు.

మీ ఆరోగ్య ఆఫీసులో నువ్వు గీసిన మన ఊరి పటం, అదే మేపు, గ్రామ సచివాలయం గోడకు అంటించారు. కింద ఇంగ్లీషులో ఏదో ఉంది. పక్కింటి చిలకమ్మ ఇంటి మీద కుంకుమబొట్టంత ఎర్ర చుక్క. మనింటి మీద ఏమీ లేదు. ప్రతి బుధవారం నర్సమ్మ జీపు దాని వాకిట్లోనే ఆపి మాత్రలిస్తోంది. చిలకమ్మను అడిగితే, "మేపులో మా ఇంటికి సుక్క ఉంది గదేటి వదినా, మరి జీపు రాదేటి?" అని మూతి తిప్పింది. కడుపు మండిపోయింది. గీసింది నా మనవరాలు, చుక్క దానికా? మనకూ పెట్టు. దానికంటే పెద్దది.

నీ అమ్మమ్మ, రత్న

*

ప్రియమైన అమ్మమ్మా,

అది బహుమతి కాదు. సికిల్ సెల్ అనే రక్తం జబ్బున్న ఇళ్లకు ఆ గుర్తు. నర్సమ్మకు దారి తెలియడానికీ, ఎక్కడ ఎక్కువుందో పెద్ద డాక్టరుకు ఒక్క చూపులో కనబడటానికీ పెట్టాం. మనకు అక్కర్లేదు. ఎవరితోనూ అనకు. రమణికి నీళ్లు బాగా తాగించు. చన్నీళ్లలో దిగనివ్వకు.

నీ సోని

*

ప్రియమైన సోనికి,

అన్నాను తల్లీ. సంతలో అందరి ముందూ అన్నాను. చిలకమ్మ కొత్త చీర కట్టుకుని గొప్పలు పోతుంటే ఆగలేక, "అది జబ్బు సుక్కే!" అనేశాను. దాని మనవరాలిని పెళ్లికి అడగడానికి వచ్చినవాళ్లు తెచ్చిన జీలుగు కల్లు కుండ తెచ్చినట్టే పట్టుకుపోయారు. జబ్బు దాచుకోవడానికే అది అన్ని గొప్పలు పోయిందని అప్పుడు తెలిసింది నాకు.

మూడు రోజులుగా రమణి నొప్పులతో ఏడుస్తోంది. సిగ్గు విడిచి చిలకమ్మ వాకిట్లోకే వెళ్లి జీపు ఆపాను. నర్సమ్మ రమణిని చూసి, రక్తపరీక్షల పుస్తకం తిరగేసి, "పోయినేడు స్కూల్లో రక్తం తీశాం గదా, దీనికీ అదే జబ్బు. మీ ఇంటికి సుక్క లేదేటి?" అంది. మాత్రలిచ్చింది. చుక్క ఎవరు మరిచిపోయారు సోనీ?

అమ్మమ్మ

*

ప్రియమైన అమ్మమ్మా,

మరిచిపోలేదు. నేనే తీసేశాను. లిస్టులో రమణి పేరు చూడగానే గోడ ముందు నిలబడే జనం గుర్తొచ్చారు. రేపు దాన్ని అడగడానికి ఎవరొస్తారు అనుకున్నాను. మాత్రలు నేనే తెద్దామనుకుని, పనిలో పడి నెలలు గడిపేశాను. మిగతా ఇళ్ల గురించి ఆ భయం నాకు ఒక్కసారి కూడా కలగలేదు.

పై అధికారికి అంతా చెప్పాను. ఇక గోడ మీద మండలానికి ఎందరో లెక్క మాత్రమే ఉంటుంది. ఇళ్లు, పేర్లు నర్సమ్మ ఫోనులోనే. వచ్చే బుధవారం పాత మేపు తీయిస్తాను.

క్షమించు.
సోని

*

ప్రియమైన సోనికి,

రమణి లేచి నడుస్తోంది. పడుతుందేమోనని వెనకే తిరుగుతున్నాను.

నీ ఉత్తరం చదివి సచివాలయానికి వెళ్లాను. నా నుదుటి బొట్టుబిళ్ల తీసి, మేపులో మనింటి మీద అంటించాను. అందరూ చూశారు. చిలకమ్మ కూడా చూసింది. సంతలో నేనలా అన్నాక పదిహేను రోజులకు మొదటిసారి నాతో మాట్లాడింది.

"ఏటే వదినా, ఇందులోనూ నాతో పోటీయేనా?"

బుధవారం ఆ మేపు తీసేటప్పుడు ముందు దాని చుక్క చింపించు. నాది ఆఖర్న.

దాని వాకిట్లోనే కూర్చుని ఇది రాస్తున్న,
నీ అమ్మమ్మ