అక్క దారి తప్పే ఆట

ప్రియమైన చిన్నోడా,

ఫోన్లో చెబితే నవ్వి ఊరుకుంటావని ఉత్తరం రాస్తున్నాను. పక్షవాతం తర్వాత ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాక మీ బావకి కాలు కుదుటపడింది. మాట బాగానే ఉంది. కుడిచెయ్యే లేవడం లేదు. ఎడమచేత్తో పెన్సిలు పట్టడం అలవాటు చేసుకోమంది డాక్టరమ్మ. ఇన్నేళ్లు ఇళ్ల ప్లాన్లు గీసిన మనిషి, ఇప్పుడు పెన్సిలు కనబడితే మొహం తిప్పేసుకుంటున్నాడు. గట్టిగా అడిగితే "నన్నొదిలెయ్" అంటాడు. రోజంతా అదొక్కటే మాట. మనిషి మనిషిలా లేడు, నాకు భయంగా ఉంది రా.

నిన్న డ్రైవింగ్ స్కూల్ నుంచి వస్తూ ఆ సైకిల్ షాపు ముందు ఆగాను. మేడ మీద మనం ఆడుకున్న గది కిటికీ అలాగే ఉంది. ఆదివారం మధ్యాహ్నాలు నువ్వు కథ చెబుతుంటే నేనూ, మీ బావా, లెక్కల మాస్టారూ ఆ కథలో మనుషులమైపోయి, తర్వాత ఏం జరుగుతుందో తేల్చడానికి పాచికలు వేసేవాళ్లం. కింద సైకిళ్లకి గాలి కొడుతుంటే అదే రాక్షసుడి ఊపిరి అనేవాడివి. ఆ రోజులు తలచుకుంటే కడుపు నిండినట్టుంటుంది.

అలాంటి ఆటలు అమ్మడమేగా ఇప్పుడు నీ పని. మీ బావకి నప్పేదొకటి చూసి పంపు.

మీ అక్క

ప్రియమైన అక్కా,

ఆ గది మరిచిపోతానా? నా కొట్టు పుట్టిందే అక్కడ. ఎవరైనా వచ్చి మంచి ఆట ఇవ్వమంటే నేను ఆట సంగతి ఎత్తను, మీకేది సరదా అని అడుగుతాను. కొట్లాటలు కావలసినవాళ్లకి ఒకటి, తియ్యగా మాట్లాడి పని చేయించుకునేవాళ్లకి ఒకటి, దెయ్యాలకి జడుసుకుని కేకలు పెట్టాలనుకునేవాళ్లకి ఇంకొకటి. ఈ విద్య మీ దగ్గర నేర్చిందే. లెక్కల మాస్టారికి కథతో పనిలేదు, రూల్స్ పుస్తకం ఇచ్చి వాదించనిస్తే చాలు. నువ్వు కత్తి దూసి ముందుకి దూకే రకం. అప్పటికే ఊరందరికీ బండి నడపడం నేర్పేదానివి, నా కథల్లోని గుహల్లో మాత్రం రెండో మలుపుకే దారి తప్పేదానివి. బావ గళ్ల కాగితం మీద దారి గీస్తూ "అటు కాదు, గొయ్యి ఉంది" అని నిన్ను వెనక్కి లాగేవాడు.

కాబట్టి బావకి కావలసింది పటాలు, చిక్కుదారులు. కళ్లు మూసుకుని చెప్పగలను. పటాలన్నీ అచ్చువేసి ఉన్న ఆట పంపుతున్నాను, చేతికి శ్రమ ఉండదు. కథ నువ్వు చెప్పు.

నీ చిన్నోడు

ప్రియమైన మేధావీ,

మీ బావ పటాలన్నీ తిరగేశాడు. "అన్నీ వాళ్లే గీసేశారుగా" అని పెట్టె మూసేశాడు. పొద్దుపోయేదాకా కిటికీ దగ్గరే కూర్చున్నాడు. నేను వంటింట్లోకి వెళ్లి కాసేపు ఏడ్చుకున్నాను. నీ కళ్లు మూసుకునే విద్య పక్కనపెట్టి, కాస్త కళ్లు తెరిచి చూసి పంపు.

మీ అక్క

ప్రియమైన అక్కా,

తిట్లు బాగానే తగిలాయి. గీయలేని మనిషికి గీసినవి చూపించాను, నా బుద్ధి గడ్డి తింది. ఈసారి పటం ఊసే లేని ఆట పంపుతున్నాను, అంతా రాజసభలో మాటలే. మనవాళ్లలో బావే కదా ఆచితూచి మాట్లాడేది, తప్పక నచ్చుతుంది. మన పాత పాచికలు కూడా ఆ పెట్టెలోనే పెట్టాను. ఆడమని కాదు, ఊరికే చూసుకుంటారని. ఇదీ కుదరకపోతే నాకింకేం తోచదు.

నీ చిన్నోడు

ప్రియమైన చిన్నోడా,

రాజసభ కూడా పారలేదు. నేను మంత్రినై ఏమడిగినా మీ బావ "మీ ఇష్టం" అన్నాడు. అక్కడితో సభ ముగిసింది, నేనూ ఆశ వదిలేసుకున్నాను.

మొన్న ఆదివారం లెక్కల మాస్టారు చూడ్డానికొచ్చారు. బల్ల మీద పాత పాచికలు కనబడేసరికి ఇంక ఆగలేదు. "కథ నేను చెబుతా, నువ్వాడమ్మా" అన్నారు. ఆయన కథ చెబితే క్లాసులో హాజరు పిలిచినట్టుంటుంది. మీ బావ అటు తిరిగి కూర్చున్నాడు. నేనొక్కదాన్నే కత్తి పట్టుకుని గుహలోకి దిగాను. తిరిగాను, తిరిగాను. మాస్టారు "ఇప్పుడెటు?" అన్నారు. నాకు అంతా అయోమయం. నోటికొచ్చినట్టు "ఎడమకి" అన్నాను.

"అటు కాదు," అన్నాడు మీ బావ. "అటునుంచేగా వచ్చావు."

కుర్చీ ఇటు జరుపుకున్నాడు. మాస్టారి చేతిలోని రూల్స్ పుస్తకం లాక్కుని, దాని వెనక అట్ట మీద ఎడమచేత్తో గీయడం మొదలుపెట్టాడు. గీతలన్నీ వంకర, గది కోడిగుడ్డులా వచ్చింది. పుస్తకం పాడవుతోందని మాస్టారు గొణిగారు, మళ్లీ ఆయనే ఇంకో పెన్సిలు చెక్కి ఇచ్చారు. ఇవాళ పొద్దున్నే మీ బావ గళ్ల కాగితాల కోసం అలమర అంతా వెతికాడు.

నువ్వు మమ్మల్ని ఒక్కొక్కరినీ విడిగా చూసి ఆట ఎంచావు రా. మీ బావకి పటాల పిచ్చి ఏనాడూ లేదు, నేను తప్పిపోతే వెతికి తేవడమే తన సరదా. నన్ను కథ చెప్పే కుర్చీలో కూర్చోబెడితే పాపం తను ఎవరికి దారి చూపిస్తాడు? కొట్టు మూసి ఓ ఆదివారం రా, మాస్టారి కథ భరించలేకపోతున్నాం.

ఇంకో మాట, నీ దగ్గరే ఉంచుకో. ఆ మేడగదిలో నేను ఒక్కసారి కూడా దారి తప్పలేదు. మీ బావ నా వైపు ఒంగి గీస్తాడని, కావాలనే తప్పు మలుపు తిరిగేదాన్ని. మొన్న మాత్రం నిజంగానే తప్పాను.

మీ అక్క