పందెం రాతల నిషేధ చట్టం, 1986

26 ఫిబ్రవరి 1986
ఈ రోజు నుంచి నేను రచయితని. మా ఊరి బండలాగుడులో ఏ ఎడ్లజత గెలుస్తుందో చెప్పినవాడికి నాలుగింతలు ఇస్తానని పుల్లయ్య బాబాయి పందేలు పెట్టాడు. నాలుగు మాటలు కట్టిచ్చాను: “ఒకటి పెట్టు, నాలుగు పట్టు. రైసుమిల్లు వెనుక, మార్చి పన్నెండు.” నూర్ మొహమ్మద్ దాన్ని స్కూలు గోడ మీద ఎర్రగా రాసి, పక్కన జోడెడ్లను వేశాడు. నా ఫీజు ఒక టీ. బి.ఏ. వృథా కాలేదు.

1 మార్చి, మధ్యాహ్నం
ఎండలో గోడ ఊగుతోంది. బొమ్మ ఎడ్ల కాళ్లు నేలకు ఆనటం లేదు. వాటి ముందు మా కోటయ్య అన్నయ్య నిలబడి ఉన్నాడు. పిలిస్తే వినపడలేదు.

3 మార్చి
చెన్నమ్మ వదిన అన్నం కంటే ముందు మాటలు వడ్డించింది. ఏంది మరిదీ, నీ చదువంతా మా కొంప ముంచటానికేనా అంది. ఆయన దగ్గర పెట్టటానికి ఏముంది, ఎడ్లు తప్ప? నిద్రలో కూడా దాపటి ఎద్దును పెడతా, పెడతా అంటున్నాడంది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

5 మార్చి
ప్రెసిడెంటు గారి అరుగు మీద శాసనసభ. ఇలాంటి పందేలూ, రాతలూ చట్టంతో ఆపాలని ఉపన్యసించాను. పందెం ఆపితే ఊరంతా నీ ఇంటి మీదకొస్తది, గోడ కావాలంటే తుడుచుకోరా అన్నాడు పుల్లయ్య బాబాయి. సరే, రాతలే నిషేధం. డ్రాఫ్టింగ్ నాదే. ఏ రాతో ఎవరికీ అనుమానం రాకూడదని, ఆ రాత మొత్తం రెండో క్లాజులో ఎక్కించాను. నా ప్రతిభ గురించి ఢిల్లీకి ఇంకా కబురు అందినట్టు లేదు.

7 మార్చి
నూర్ తన ఎడ్లకు తనే సున్నం కొట్టాడు. కొమ్ములు చివరికి వదిలాడు. నా బొమ్మకు ఉరేశావు గదరా లాయరూ అన్నాడు. అన్నయ్య తెల్లగోడ చూసి, పందెం ఎత్తేశారన్నమాట అనుకుంటూ మిరప కల్లానికి వెళ్లిపోయాడు. వదిన నా కంచంలో గుడ్డు వేసింది.

9 మార్చి, సాయంత్రం 4
పంచాయతీ తీర్మానం ఏదైనా డప్పు వేసి వాడవాడలా చదవాలి. అది మా ఊరి ఆనవాయితీ. నేను మర్చిపోయాను.
డప్పు వేసే ఏలియా గొంతు మంచిది. రెండో క్లాజును పాటలా ఎత్తుకున్నాడు. “ఒకటి పెట్టు” దగ్గరొక దెబ్బ, “నాలుగు పట్టు” దగ్గరొక దెబ్బ. రైసుమిల్లు, తేదీ, అన్నీ. చదువురానివాళ్లకూ, మంచం దిగలేనివాళ్లకూ చేరింది. కల్లం దాకా వెళ్లాడు. అక్కడ మిరప ఎరుపు ఎండలో పొగలా లేస్తోంది. అన్నయ్య కాయలు తిరగేయటం ఆపి, ఏలియా, రాతలే గదా ఆపింది, పందెం ఉన్నట్టేగా అన్నాడు. ఏలియా కాగితం మళ్లీ చూసుకుని, చినబాబు రాసిందాంట్లో అట్టానే ఉందయ్యా అన్నాడు.

10 మార్చి
అన్నయ్యతో చెప్పాను. ఆ మాటలు నావే, టీ కోసం కట్టాను, నిజం కాదు అని. నువ్వు రాశావంటే నిజమే అయ్యుంటదిలేరా, చానా చదివావు గదా అని భుజం తట్టాడు.

12 మార్చి
పందెంలో దాపటిది పోయింది.

13 మార్చి
కొట్టంలో మిగిలిన వెలపటి ఎద్దు, జతకు ఎడమవైపు చోటు వదిలి తన వైపునే నిలబడి ఉంది. వెళ్లి ఆ ఖాళీలో నిలబడ్డాను. అది కాడి కోసం మెడ దించింది. నేనూ దించాను.