పిడి కుడివైపుకే

ఉక్కునగరం, సెక్టార్ 6
గురువారం

సనోబర్‌కి,

చాలా రోజులైంది, తెలుసు. తిట్లు తర్వాత తిట్టు, ముందు పని విను.

మా టైమాఫీసులో చటర్జీ గారని ఉండేవారు. చెరువు కనిపిస్తే స్కూటరాపేసే మనిషి. రిటైరై కలకత్తా వెళ్లిపోతూ, సామాను తగ్గించుకోవడానికి నాకొక గాలం కర్ర, ఒక ఖాళీ రీలు ఇచ్చేశారు. మామూలు గాలం కాదు, ఫ్లై రాడ్ అంటారట. వానపాము, రొయ్య ఏదీ గుచ్చకుండా, ఈకలూ నూలూ చుట్టిన ఉత్తుత్తి పురుగును నీళ్ల మీదికి విసిరి చేపను పట్టేది. కర్ర తొమ్మిదడుగులుంది. చెయ్యి పట్టుకునే చోట 6 అని రాసుంది. లైను లేదు. దాని కింద బ్యాకింగ్ అని ఇంకో దారం కూడా చుట్టాలట. అవి ఏవి కొనాలో నాకు తెలీదు. నీ తండ్రి నాటి నుంచీ వలలూ గాలాలూ అమ్మే షాపు నీది. నువ్వే ఎంచి చుట్టి పంపు. పరవాడ దగ్గర మా అన్నయ్య గవర్రాజు లీజుకి తీసుకున్న చెరువు మీద నేర్చుకుందామనుకుంటున్నాను.

రీలును చిట్టమ్మ చేతికిచ్చి పంపుతున్నాను. జాలరిపేట నుంచి మా క్వార్టర్లకి చేపలు తెచ్చే మనిషి. మొగుడికి దారాలు మీ షాపులోనే కొంటుందట. రీలు చూసి, "ఏటమ్మా ఇది, నాను రోజూ సేపలు తెత్తన్నాను కదా, మళ్లీ నీకు గేలమెందుకు?" అని మూతి ముడిచింది. బుజ్జగించి పంపాను.

ఒక్కటే మాట. రీలు తిప్పే పిడి కుడివైపుకి రావాలి. కుడిచేత్తో తిప్పుతాను, ఎడమచేత్తో విసురుతాను. అలాగే చుట్టు.

ఫోన్ చెయ్యకు. ఈ మధ్య ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంటే తలనొప్పి వస్తోంది.

ఉంటాను,
కుసుమకుమారి


కోటవీధి, పాతబస్తీ
సోమవారం

ఒసేయ్ కుసుమా,

ఎనిమిది నెలల తర్వాత ఉత్తరం రాసి కింద "కుసుమకుమారి" అని పూర్తి పేరు పెడతావా? నేనేమైనా మీ ప్లాంటు జనరల్ మేనేజర్నా? ఫోనెత్తితే తలనొప్పట! కాలేజీలో రిఫరీతో ఒక పూటంతా అరిచినప్పుడు రాని తలనొప్పి ఇప్పుడొచ్చిందా? రంజాన్‌కి రాలేదు, మా అమ్మాయి ఫర్హాకి స్కూల్లో కప్పొస్తే చూడ్డానికి రాలేదు, ఆదివారం ప్రాక్టీసుకి ఒక్కనాడు రాలేదు. వెటరన్స్ బాల్ బ్యాడ్మింటన్‌కి మన ఐదుగురి పేర్లు పంపాను. ముందు వరసలో నువ్వు, వెనకాల నేను, ఎప్పటిలాగే. నువ్వు రాకపోతే ముందు వరసలో ఎవర్ని నిలబెట్టమంటావ్? మా అబ్బాజాన్‌నా? సరే, నీ పనికొస్తాను.

ఇలాంటి గాలం మా షాపులో ఎప్పుడూ అమ్మలేదు. బెంగుళూరు డీలర్ని అడిగి, రెండు రోజులు కూర్చుని నేర్చుకున్నాను. మన గాలంలో సీసం గుండు బరువు. గుండును విసిరితే దారం దాని వెంట పోతుంది. నీ గాలంలో గుండు లేదు, పురుగుకి బరువు లేదు. బరువంతా లైనులోనే ఉంటుంది. నువ్వు విసిరేది లైనునే, పురుగు దాని కొసను పట్టుకుని పోతుంది. అందుకని కర్ర మీద ఏ నంబరుంటే లైనూ అదే నంబరుండాలి. మా తమ్ముడు జాకీర్ నీ కర్ర సంగతి విని, "ఆరు అంటే ఆరు కిలోల సేప వరకూ ఆగుద్దనా ఆపా?" అన్నాడు. కాదురా నాయనా, అది లైను బరువుకి పెట్టిన నంబరు. చేప బరువు చేపది.

నీకు పంపుతున్నది ఆరో నంబరు, నీళ్ల మీద తేలే రకం, ముందు భాగం లావుగా ఉండేది. కొత్తవాళ్ల చేతికి అదే తేలిగ్గా వెళ్తుందట. మునిగే లైను తర్వాత చూద్దాం. అది ఎక్కడుందో కనబడదు, నీకసలే ఓపిక లేదు. రంగు కావాలనే నారింజ తీసుకున్నాను. నీ లైను నీళ్ల మీద ఎక్కడ పడిందో నీకు కనబడాలి. ఇంకో సంగతి. వీడియోల్లో చూపించే ఖరీదైన లైన్లన్నీ చలిదేశాల నీళ్లకి చేసినవి. అలాంటిదొకటి ఎప్పుడో ఒక టూరిస్టు అడిగాడని తెప్పిస్తే షాపులో ఉండిపోయింది. దాన్ని మెట్ల మీద ఎండలో పెట్టి చూశాను. మధ్యాహ్నానికి ఉడికిన సేమ్యాలా మెత్తబడి, ఒకదానికొకటి అతుక్కుపోయింది. మన ఎండకి వేడినీళ్ల లైనే కావాలి. పెట్టె మీద ఆ మాట చూసే కొన్నాను.

ఇక బ్యాకింగ్. అల్లిన డాక్రాన్ దారం, పది కిలోల దాకా తట్టుకునేది, చాలినంత చుట్టాను. దీనికి రెండు పనులు. లైను పొడవు తొంభై అడుగులే. పెద్ద చేప తగిలి అంతకంటే దూరం లాగితే అప్పుడు బయటికొచ్చేది ఇదే. మీ అన్నయ్య చెరువులో అంత చేప ఉంటే ముందు ఆయనే పట్టుకుంటాడు గానీ, రెండో పని ముఖ్యం. కింద ఇది లావుగా చుట్టుకుని ఉంటే పైన లైను పెద్ద చుట్టలుగా పడుతుంది, మెలికలు తిరగదు. అబ్బాజాన్ మాత్రం "నైలాను చుట్టెయ్యి, ఎవడు చూడొచ్చాడు" అన్నారు. నైలాను సాగుతుంది. సాగినదాన్ని బిగించి చుడితే అది మళ్లీ ముడుచుకుని రీలును పిండేస్తుంది. ఆయన్ని ఒప్పించేసరికి టీ చల్లారిపోయింది.

చివరగా, నీ పొరపాటొకటి దిద్దాను. పిడి కుడివైపు అని రాశావు. నువ్వు పుట్టుకతో కుడిచేతివాటం మనిషివి. అన్నం, సంతకం, స్మాష్, ఆ రిఫరీ మీదికి విసిరిన నీళ్ల సీసా, అన్నీ కుడిచేత్తోనే. కాబట్టి విసరాల్సింది కుడిచేత్తో, తిప్పాల్సింది ఎడమచేత్తో. కొత్తవాళ్లందరూ ఇక్కడే తికమకపడతారని డీలరు ముందే చెప్పాడు. అందుకే పిడి ఎడమవైపుకి పెట్టి చుట్టాను. దణ్ణం పెట్టక్కర్లేదు. ఆదివారం ప్రాక్టీసుకి రా, చాలు.

నీ మీద మండిపడుతూ,
సనోబర్


ఉక్కునగరం
శుక్రవారం

సనోబర్,

లైను బాగుంది. నారింజ రంగు మా అత్తగారికి కూడా నచ్చింది. కానీ రీలు తిప్పి పంపుతున్నాను. నేను తికమకపడలేదు. పిడి కుడివైపుకే కావాలి. ఎందుకో చెప్పకుండా తప్పించుకుందామనుకున్నాను. నువ్వు నా కుడిచెయ్యి చేసిన పనులన్నీ వరసపెట్టి రాసేసరికి ఇక కుదరలేదు.

ఉగాది ముందు కుడి రొమ్ములో గడ్డ కనబడింది. కేన్సరన్నారు. ఆపరేషన్ చేసి, చంకలో గ్రంథులు కూడా తీసేశారు. తర్వాత మందులెక్కించారు. జుట్టు ఊడింది, మళ్లీ వస్తోంది, ఈసారి వంకీలు తిరిగి వస్తోంది. మొన్నటి పరీక్షలో అంతా శుభ్రంగా ఉందన్నారు. కంగారు పడకు. అయితే కుడిచెయ్యి వాస్తుంది. బిగుతు మేజోడు లాంటిది భుజం దాకా తొడుక్కుంటున్నాను. బరువులెత్తొద్దు, విసురుగా కొట్టొద్దు అన్నారు. రీలు తిప్పడం లాంటి చిన్న పని చెయ్యొచ్చు, మంచిదే అన్నారు. స్మాష్ మాత్రం ఇక లేదు. ఇది రాయడానికి నాకు రెండు కాగితాలు పాడయ్యాయి.

నీకెందుకు చెప్పలేదో కూడా రాసేస్తాను, లేకపోతే జన్మంతా అడుగుతావు. తెలిసిన దగ్గర్నుంచీ మా ఇంట్లో అందరూ మెత్తబడిపోయారు. సాయిశంకర్ సంగతి తెలుసు కదా, పెళ్లయిన నాటి నుంచీ టీవీ రిమోటు ఇచ్చిన మొగుడు కాదు. ఇప్పుడు నైట్ షిఫ్టు నుంచి రాగానే రిమోటు తెచ్చి నా పక్కన పెట్టి వెళ్లిపోతున్నాడు. మా అత్తగారు సన్యాసమ్మ, నా పప్పులో ఉప్పుకి వంకపెట్టనిదే ముద్ద మింగని మనిషి, "నువ్వు కూకో అమ్మా, నాను సేత్తాను కదా" అంటోంది. నేను ఉప్పు వెయ్యడం మర్చిపోయినా "బాగుందమ్మా" అని తినేస్తోంది. ఆఫీసులో నేను నడిచొస్తుంటే మాటలాపేస్తారు. ఫోనెత్తితే చాలు, అవతల గొంతు సన్నబడుతుంది. నాకు తలనొప్పి ఆ గొంతు వల్లే.

నువ్వొక్కదానివే ఇంకా తిడుతున్నావు. రంజాన్‌కి రాలేదని, ఫోనెత్తలేదని, పొగరెక్కిందని నువ్వు పెట్టిన మెసేజీలు రోజూ చదువుకునేదాన్ని. మామూలు మనిషి మీద పెట్టుకునే మామూలు కోపం అది. నీకు చెప్తే నువ్వూ మెత్తబడతావు, ఆ ఒక్కటీ పోతుందని భయపడ్డాను. నీ కోపం కోసం నీకు బాధ కలిగించాను. అది తప్పే.

గాలం ఎందుకంటావా? ఎడమచేత్తో ఏం చేసినా చూసేవాళ్లకి నా కుడిచెయ్యి గుర్తొస్తోంది. ఎడమచేత్తో సంతకం పెడితే అయ్యో అంటారు. ఒకసారి సెక్టారు పిల్లలతో ఎడమచేత్తో షటిల్ ఆడితే, ఆంటీ మీరు కూర్చోండి అన్నారు. ఈ గాలంతో నన్నెవరూ ఎప్పుడూ చూడలేదు. నేనూ చూసుకోలేదు. దీన్లో నాకు పాత చెయ్యంటూ లేదు. బాగా రాకపోతే అది కొత్త కాబట్టి రాలేదు, అంతే. అందరిలాగే మొదటి పాఠం నుంచి మొదలుపెడతాను.

అందుకే పిడి కుడివైపుకి. మార్చి పంపు. నన్ను చూడ్డానికి రావాలనుంటే రా. కానీ మెత్తగా వచ్చేటట్టయితే వద్దు.

నీ
కుసుమ


కోటవీధి
బుధవారం

కుసుమా,

ఉత్తరం షాపులోనే విప్పాను. కౌంటరు ముందు ఇద్దరు కస్టమర్లున్నారు. వాళ్లెదుటే ఏడ్చాను. జాకీర్ షట్టరు సగం దించి వాళ్లని పంపేశాడు. ఆ రాత్రి నీకు జవాబు రాస్తూ "బంగారం" అని మొదలుపెట్టాను. పొద్దున్న చదువుకుంటే నాకే రోత పుట్టింది. చింపేశాను. నువ్వడిగిన కోపం దొరకడానికి నాకు ఇన్ని రోజులు పట్టింది. ఇప్పుడు దొరికింది. చదువు.

సిగ్గు లేదటే నీకు? ఆపరేషన్‌కి మత్తుమందు ఎక్కించుకోవడానికి పోతూ నాకు చెప్పవా? ఆస్పత్రి వరండాలో కూర్చుని నర్సులతో గొడవ పెట్టుకోవడానికి నీకు నాకంటే మంచి మనిషి దొరికేదా? నేను మెత్తబడతానని నువ్వెలా తేల్చేశావు? కాలేజీ ఫైనల్లో నీ మోకాలు చీరుకుపోయి రక్తం కారుతుంటే, "పాయింటు అయ్యాక ఏడువ్" అన్నది నేనే కదా! ఇన్నేళ్లు నీ వెనకాల నిలబడి నువ్వు వదిలేసిన బంతులన్నీ ఎత్తాను. నన్ను అంతేనా తెలుసుకున్నది? ఈ కోపం పాతది కాదు, సరికొత్తది, నువ్వు బతికున్నంత కాలం వస్తుంది.

చిట్టమ్మని కూడా వదల్లేదు. రోజూ నీ చేతి మేజోడు చూస్తూ నాకు చెప్పలేదేమని అడిగాను. "ఆయమ్మ సెప్పొద్దని ఒట్టేయించుకున్నాదమ్మా. నాను సేపలమ్ముకున్నా మాటమ్ముకోను" అంది.

రీలు మార్చాను. పిడి అటు నుంచి ఇటు తిప్పడమొక్కటే కాదు, లోపల బ్రేకు పట్టే దిక్కు మార్చాలి, లైనూ బ్యాకింగూ మొత్తం ఊడదీసి ఎదురు దిక్కున చుట్టాలి. షాపులో చోటు లేక వీధిలోకి లాగాం. నారింజ లైను అయిపోయి తెల్లదారం మసీదు మలుపు దాకా పోయింది. వీధి పిల్లలు గాలిపటం మాంజా అనుకుని పరుగెత్తుకొచ్చారు. జాకీర్ ఆ చివర పట్టుకుని, నేను ఈ చివర నుంచి తడిగుడ్డలో బిగించి చుట్టుకుంటూ వచ్చాను. అబ్బాజాన్ గుమ్మంలో కుర్చీ వేసుకుని, "నైలానైతే ఈ పాటికి అయిపోయేది" అంటూనే ఉన్నారు. పిడి కుడివైపుకి వచ్చింది. నువ్వు రాసిందే సరి, నేను దిద్దిందే తప్పు.

లైను కొసకి పురుగు కట్టలేదు. మొదట గడ్డి మీద విసరడం రావాలి, కొక్కెం లేకుండా. పురుగు బదులు చిన్న ఊలు ముక్క కట్టి నేర్చుకోమన్నాడు డీలరు. బీరువాలోంచి మన ఫైనల్ బంతి తీశాను, ఆ పసుపు ఊలు ఒక పోగు లాగి కడదామని. కత్తెర కూడా పెట్టాను. అప్పుడు నువ్వు రాసింది గుర్తొచ్చింది, దీన్లో పాత చెయ్యి లేదని. బంతిని మళ్లీ బీరువాలో పెట్టేసి, ఫర్హా అల్లుతున్న స్వెటర్ ఉండలోంచి ఎర్ర ఊలు తెంపి కట్టాను. అది నిన్న కొన్న ఊలు. ఎవరికీ ఏదీ గుర్తు చెయ్యదు.

టోర్నమెంటు లిస్టులోంచి నీ పేరు కొట్టేశాను. జాలిపడి కాదు. ఎనిమిది నెలలు ప్రాక్టీసుకి రానిదాన్ని ఏ కెప్టెనైనా తీసేస్తుంది.

ఆదివారం పొద్దున్నే మీ అన్నయ్య చెరువు దగ్గర ఉంటాను. రీలు నా చేత్తోనే తెస్తున్నాను. నువ్వు ఎడమచేత్తో విసురు. చక్కగా పడితే నోరు మూసుకుంటాను. పడకపోతే చెరువవతలి గట్టు దాకా వినబడేలా తిడతాను. సన్యాసమ్మ గారితో నా మాటగా చెప్పు, ఆ రోజు పప్పులో ఉప్పు ఎక్కువైందని ఎవరో ఒకరు అనాలి. ఆవిడ అనకపోతే నేనంటాను.

ఇంకా కోపంగానే ఉన్న
నీ సనోబర్