అట్ట వెనక డైస్

మార్చి 2

మా ఆట రూల్స్ పుస్తకం కొత్త ఎడిషన్ వచ్చింది. నాలుగు వందల పన్నెండు పేజీలు. బొమ్మలెక్కువ, బుద్ధి తక్కువ. రెండు రూల్స్ మార్చారు. రెండూ నా గొంతు మీద కాలు పెట్టినవే.

మొదటిది చావు గురించి. క్యారెక్టర్ రక్తం సున్నాకొచ్చినా ఇక వెంటనే చావడట. ఇరవై ముఖాల డైస్ మూడుసార్లు వేసుకోవచ్చు. రెండుసార్లు పదికి పైన పడితే లేచి కూర్చుంటాడు. ఇంకోటి, చావు తేల్చే డైస్ గేమ్ మాస్టర్ తన అట్ట వెనక వేయకూడదు. బల్ల మీద, అందరి కళ్ళ ముందు వేయాలి.

ముప్పై ఒక్క ఏళ్ళుగా నేనే గేమ్ మాస్టర్‌ని. కథ నేను చెబుతాను. వాళ్ళు తమ మనుషుల్ని అందులో నడుపుతారు. ఎవరు నరికారో ఎవరు తెగారో డైస్ తేలుస్తుంది. నా డైస్ ఎప్పుడూ నా ముందు నిలబెట్టిన అట్ట వెనకే పడింది. చచ్చిన క్యారెక్టర్ వివరాలు రాసుకున్న కాగితాన్ని ఆడినవాడే మేకుతో గోడకి కొట్టాలి. అది మా బల్ల ఆచారం. గోడ మీద ఇప్పటికి పంతొమ్మిది మంది.

యుద్ధాల చరిత్రలు బీరువా నిండా చదివాను. తల తెగినవాడికి మూడు ఛాన్సులిచ్చిన సైన్యం ఒక్కటీ తగల్లేదు. ఆట కంపెనీకి తొమ్మిది పేజీల ఉత్తరం రాశాను.

మార్చి 9, ఆదివారం సాయంత్రం

కొత్త రూల్స్ పాటించాలా వద్దా అని ఓటు పెట్టారు. నా బల్ల దగ్గర ఆడే పళ్ళ డాక్టరు, లిఫ్టు మెకానిక్ ఒకవైపు, నేనొక్కణ్ణీ ఒకవైపు. నా రూల్స్ నా కట్టుడు పళ్ళకంటే పాతబడ్డాయన్నాడు డాక్టరు. పళ్ళు కట్టింది ఆయనే, వాటి వయసు ఆయనకి తెలుసు. మెకానిక్ మంచి పిల్ల, నలభై దాటినా నాకు పిల్లే. తలొంచుకునే చెయ్యెత్తింది.

సరేనన్నాను. వాళ్ళని ఒక గుహలోకి తీసుకెళ్ళి డాక్టరు గారి వీరుణ్ణి రాతిమనిషికి అప్పగించాను. దవడ విరిచాను. పళ్ళు ఒక్కొక్కటే రాల్చాను, ఏ పన్నో పేరు పెట్టి చెబుతూ. మోకాలు వెనక్కి మడిచాను. రక్తం సున్నా. డాక్టరు డైస్ వేశాడు, వీరుడు లేచాడు. మళ్ళీ చంపాను, ఈసారి పక్కటెముకలు ఊపిరితిత్తుల్లోకి దిగేలా. మళ్ళీ లేచాడు. ఇంక చాలు మాస్టారూ, అంది మెకానిక్. నాకు చాలలేదు.

 

మార్చి 16

మెకానిక్ నా బావమరిదిని వెంటబెట్టుకొచ్చింది. మా ఆవిడ తమ్ముడు. పదకొండేళ్ళ కిందట ఇదే బల్ల దగ్గర వాడి గొడ్డలివాడు చచ్చాడు. అట్ట వెనక డైస్ చూసి నేను పదిహేడన్నాను, శత్రువు ఈటె గొడ్డలివాడి మెడలో దిగి వీపున తేలింది. వాడు కాగితం గోడకి కొట్టి, సుత్తి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. వాళ్ళక్క పోయిన రోజున కూడా గుమ్మం దగ్గర నిలబడి, నాతో ఒక్క ముక్క మాట్లాడకుండా తిరిగెళ్ళాడు.

పాత ఎడిషన్‌లో చచ్చినవాళ్ళకి కూడా, బల్ల చుట్టూ ఉన్నవాళ్ళందరూ ఒప్పుకుంటే, మూడు ఛాన్సులు ఇవ్వొచ్చని కొత్త పుస్తకంలో ఉందట. అది అడగడానికొచ్చాడు. మిగతా ఇద్దరూ ఒప్పుకున్నారు. నేను కుదరదన్నాను.

వాడు గోడ దగ్గరికెళ్ళి తన కాగితం చూస్తూ నిలబడ్డాడు. నా వైపు తిరక్కుండానే అడిగాడు.

"ఆ రోజు ఎంత పడింది బావా?"

"పదిహేడు. చెప్పానుగా."

"చెప్పావు. చూపించలేదు."

మేకు పట్టుకుని పీకబోయాడు. సుత్తి నా చేతిలోకి ఎప్పుడొచ్చిందో తెలియదు. గోడకి ఆనిన వాడి కుడిచేతి మీద కొట్టాను. ఎముక విరిగితే ఎండుకట్టె చప్పుడవుతుందని పుస్తకాల్లో రాస్తారు. అబద్ధం. తడిగుడ్డ నేల మీద పడ్డట్టుంటుంది. రెండోసారి ఎత్తేసరికి మెకానిక్ నా మణికట్టు మెలితిప్పింది. డాక్టరు నన్ను గోడకేసి బాదాడు. ఆయన కట్టిన పళ్ళే నా నోట్లో రెండు ముక్కలయ్యాయి. బావమరిది అరవలేదు. కాగితం మీద రక్తం పడకుండా చెయ్యి పక్కకి తీసుకున్నాడు.

మార్చి 18, ఉదయం పది

రెండు వేళ్ళు విరిగాయట. లిఫ్టు తలుపులో పడ్డాయని ఆస్పత్రిలో చెప్పాడట.

ఏ పుస్తకమైనా మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదువుతానని అందరి దగ్గరా కోతలు కోస్తుంటాను. కొత్త ఎడిషన్‌లో కృతజ్ఞతల పేజీ మాత్రం ఇవాళే చదివాను. డైస్ బల్ల మీదే వేయించాలని పదకొండేళ్ళు ఉత్తరాలు రాసిన ఆటగాడికి కంపెనీ ధన్యవాదాలు చెప్పింది. పక్కన బావమరిది పేరు.

ఇది ఎవరూ చదవని చోటు కాబట్టి రాస్తున్నాను. ఆ రోజు పడింది నాలుగు. ఈటె తగలకూడదు. ఆ వారమే వాడు వంటింట్లో వాళ్ళక్కతో అన్నాడు, బావకి కాగితం మనుషులతో తప్ప బతికున్నవాళ్ళతో ఆడటం రాదని. మా ఆవిడ పడీ పడీ నవ్వింది. నేను పక్కగదిలో పుస్తకం పట్టుకుని విన్నాను. అంత నవ్వు నా మాటలకి ఎన్నడూ నవ్వలేదు. దానికి గొడ్డలివాణ్ణి చంపాను.

మార్చి 19

మెకానిక్‌కి ఫోన్ చేశాను. రమ్మను, మూడు ఛాన్సులూ ఇస్తానన్నాను.

మార్చి 23

ఎడమచేత్తో రాస్తున్నాను. తక్కువ రాస్తాను.

అట్ట చింపి పారేశాను. గొడ్డలివాడి కాగితం గోడ మీంచి తీసి బల్ల మీద పెట్టారు. బావమరిది కట్టులేని చేత్తో డైస్ వేశాడు. పద్నాలుగు. తర్వాత ఆరు. మూడోసారి డైస్ బల్ల మీంచి జారి బీరువా కిందికి దొర్లింది. మోకాళ్ళ మీద వంగి, చెంప నేలకి ఆనించి చూశాను. నాకొక్కడికే కనబడుతోంది. పదిహేడని అబద్ధం చెబితే గొడ్డలివాడు బతుకుతాడు.

"నాలుగు," అన్నాను. "ఆ రోజూ నాలుగే."

కాగితం మళ్ళీ గోడకే వెళ్ళింది. వాడికి ఒక్క చెయ్యే కాబట్టి, కాగితం మీద మేకు నేను పట్టుకున్నాను. సుత్తి ఎత్తాడు.

మొదటి దెబ్బ మేకు మీద పడలేదు. నేను చెయ్యి తీయలేదు.